పెద్ద నోరు, చిన్న ముద్ద
పాచి తిని బతికే మూడు మహా సొరల వింతలు, విశేషాలు

కోల్‌కతా సాల్ట్ లేక్‌లో పొద్దున్నే చేపల బజారుకు వెళితే బొచ్చె తలకాయ కంటబడకుండా ఉండదు. అక్కడివాళ్ళు కాత్లా అంటారు, మనం బొచ్చె అంటాం. పైకి తెరుచుకున్న వెడల్పాటి నోరు. దవడల్లో పళ్ళు లేవు. మొప్ప ఎత్తి చూస్తే లోపల దువ్వెన పళ్ళలా సన్నని వరుసలు. నీటి పైపొరల్లో తేలే, కంటికి ఆనని ప్రాణులను వడకట్టి తినడానికి ఆ చేపకు పుట్టుకతో వచ్చిన జల్లెడ అది. ఆ బజారుకు వచ్చే బొచ్చెల్లో మన కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పెరిగి, ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి వచ్చినవి చాలానే ఉంటాయి.

ఇదే జల్లెడ విద్య నేర్చిన చేప సిటీ బస్సంత ఉంటే? అలాంటివి సముద్రంలో ఉన్నాయి. ఒకటి మన బంగాళాఖాతంలోనే తిరుగుతుంది. మన జాలర్ల వలల్లో పడుతుంది. పడినప్పుడు దాన్ని గుర్తుపట్టామా లేదా అన్నదాని మీదే దాని ప్రాణం ఆధారపడి ఉంది. అందుకే ఈసారి విశేషాలన్నీ వాటి గురించే.

ఉప్పు చెరువు పక్కన పాచి పంట

సాల్ట్ లేక్ పేరులో ఉన్న ఉప్పు ఒట్టి మాట కాదు. విద్యాధరి నది గుండా సముద్రపు పోటు ఒకప్పుడు ఆ చెరువుల దాకా వచ్చేది. నది పూడిపోయాక ఉప్పునీరు రావడం ఆగింది. 1962లో హుగ్లీ నది ఒండ్రును పైపులతో తోడి ఆ పల్లాన్ని నింపడం మొదలుపెట్టారు. నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ కలగన్న సాల్ట్ లేక్ నగరానికి యుగోస్లావియా ఇంజనీరు డోబ్రివోయె తోష్కోవిచ్ పటం గీశాడు. నగరానికి తూర్పున మిగిలిన చిత్తడి నేలలు సుమారు 12,500 హెక్టార్లు. 2002 ఆగస్టులో వాటికి అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలుగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కోల్‌కతా మురుగునీరు అక్కడి భేరీలనే చెరువుల్లోకి చేరి, ఎండ తగిలి, ప్లవకాలను పెంచుతుంది. ఆ ప్లవకాలను తిని చేపలు పెరుగుతాయి. ప్లవకాలంటే నీటి వాలున కొట్టుకుపోయే సూక్ష్మమైన మొక్కలు, జంతువులు. ఇంగ్లీషు చదివినవాళ్ళు ప్లాంక్టన్ అంటారు. ఇక్కడ పాచి అన్నది వీటినే. చెరువులో బొచ్చెకూ, సముద్రంలో మహా సొరకూ కూడు ఇదే.

ఐదు వందల్లో మూడే

ప్రపంచంలో సొరచేపల జాతులు ఐదు వందలకు పైగా ఉన్నాయి. ప్లవకాలను వడకట్టి బతికేవి వాటిలో మూడే. మొదటిది తిమింగల సొర, అంటే వేల్ షార్క్. రెండోది బాస్కింగ్ షార్క్, నీటి పైభాగాన ఎండ కాగుతున్నట్టు మెల్లగా ఈదుతుందని ఆ పేరు. మూడోది మెగామౌత్, పేరే చెబుతోంది, పెద్దనోటి సొర. ఈ మూడూ ఒక తల్లి బిడ్డలు కావు. తిమింగల సొరకు దగ్గరి చుట్టాలు సముద్రపు అడుగున పడుకుని ఉండే నర్స్ షార్కులు. మిగిలిన రెంటికీ చుట్టం మనుషులు హడలిపోయే గ్రేట్ వైట్ షార్క్. అంటే వడకట్టి తినే విద్యను వేర్వేరు కుటుంబాలు వేటికవి సొంతంగా నేర్చుకున్నాయన్నమాట.

చూడగానే పోల్చుకునే గుర్తులు

తిమింగల సొరకు తల బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటుంది. నోరు కిందికి కాకుండా మూతి చివరే ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద తెల్లని చుక్కలు, చుక్కల మధ్య అడ్డగీతలు, నిలువు గీతలు. ముగ్గు వేసి చుక్కలు కలపకుండా వదిలేసినట్టు కనిపిస్తుంది. ఒక్కో పక్క వీపు నుంచి తోక వైపు మూడు గట్లు సాగుతాయి. ఇంత చుక్కల చీర కట్టిన భారీ చేప సముద్రంలో మరొకటి లేదు.

బాస్కింగ్ షార్క్ మూతి కోసుగా ముందుకు పొడుచుకొస్తుంది. నోరు మూతికి కింద ఉంటుంది. ఒంటి మీద చుక్కలుండవు, గోధుమ, బూడిద రంగుల మచ్చలుంటాయి. దీన్ని పట్టిచ్చే అసలు గుర్తు మొప్పల చీలికలు. ఐదు చీలికలూ మెడ చుట్టూ దాదాపు పూర్తిగా తిరిగి ఉంటాయి, తల తెగి వేలాడుతోందా అన్నట్టు. ఇది చల్లని సముద్రాల చేప. బ్రిటన్, ఐర్లండ్, కెనడా తీరాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మన తీరంలో వలలో పడిన పెద్ద చేప ఇదేమోనని అనుమానపడే ముందు చుక్కలున్నాయేమో చూడాలి.

మెగామౌత్ తల గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ఒళ్ళు మెత్తగా, వదులుగా ఉంటుంది. పైభాగం నల్లగా ఉండి, పైదవడ అంచున నోరు తెరిస్తే మెరిసే తెల్లని పట్టీ ఒకటి ఉంటుంది. తోక పైరెక్క బాగా పొడుగు. మొప్పల చీలికలు మాత్రం చిన్నవి.

ముక్తసరిగా గుర్తుపెట్టుకోవాలంటే చుక్కలు తిమింగల సొరవి, మెడ చుట్టూ చీలికలు బాస్కింగ్ షార్కువి, ఉబ్బిన తల మెగామౌత్‌ది.

చేపల్లో అతి పెద్దది

భూమ్మీద ఇప్పుడున్న చేపలన్నిటిలో పెద్దది తిమింగల సొర. పేరులో తిమింగలం ఉన్నా ఇది చేపే. మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. తోకను పక్కలకు ఆడిస్తుంది. తిమింగలం తోకను పైకీ కిందికీ ఆడిస్తుంది, ఊపిరికి నీటి పైకి వస్తుంది. ఒడ్డు నుంచి చూసినా ఈ తేడా పట్టుకోవచ్చు.

1949 నవంబరు 11న కరాచీ దగ్గర బాబా దీవి వద్ద పట్టుబడిన తిమింగల సొర పొడవు 12.65 మీటర్లు, బరువు సుమారు 21.5 టన్నులు. చాలా ఏళ్ళు అదే రికార్డు. 2015లో సముద్ర జీవుల పొడవుల మీద శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలనలో 2001లో అరేబియా సముద్రంలో దొరికిన 18.8 మీటర్ల చేపను అతి పెద్దదిగా లెక్కించారు. రెండో స్థానం బాస్కింగ్ షార్క్‌ది. 1851లో కెనడాలోని ఫండీ అఖాతంలో హెర్రింగ్ వలలో చిక్కిన చేప 12.27 మీటర్లు. మెగామౌత్ ఈ ఇద్దరి ముందు చిన్నది, ఏడు మీటర్ల దాకా పెరుగుతుంది.

పేరులో అచ్చుతప్పు

సొర అనే మన తూర్పు తీరపు మాటకు శాస్త్రంలోనూ చోటుంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో జాలర్ల నుంచి చేపలు సేకరించి, వాళ్ళు చెప్పిన పేర్లతో సహా రెండు వందల చేపల పుస్తకాన్ని 1803లో అచ్చు వేయించాడు. కార్కరైనస్ సొర్రా అనే శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఆ సొర వినిపిస్తుంది.

ఆ పుస్తకం వచ్చిన పాతికేళ్ళకు, 1828లో, దక్షిణాఫ్రికాలోని టేబుల్ అఖాతంలో 4.6 మీటర్ల చుక్కల చేపను జాలర్లు ఈటెతో పొడిచి పట్టారు. సైనిక వైద్యుడు ఆండ్రూ స్మిత్ దాన్ని కొత్త జాతిగా గుర్తించి పత్రికకు రాశాడు. ఆయన ఉద్దేశించిన పేరు రినియోడాన్. అచ్చు కూర్చినవాళ్ళ చేతిలో అది రింకోడాన్ అయింది. రెండు మూడు రకాల స్పెల్లింగులతో శాస్త్రజ్ఞులు ఒకటిన్నర శతాబ్దం తికమకపడ్డారు. చివరికి 1984లో అంతర్జాతీయ జంతునామ సంఘం అచ్చుతప్పునే ఖాయం చేసింది. అతి పెద్ద చేప శాస్త్రీయ నామం రింకోడాన్ టైపస్‌గా అలా స్థిరపడింది.

కరాచీలో పొరపాటు

ఈ చేపలను ఒకదాన్ని చూసి మరొకటనుకోవడం మన ఉపఖండంలోనే జరిగింది. బొంబాయి పత్రికా సంపాదకుడు జార్జ్ బ్యూస్ట్ 1850లో కరాచీ తీరంలో వేటాడే మహా సొరల గురించి రాస్తూ వాటిని బాస్కింగ్ షార్కులన్నాడు. నలభై, ఒక్కోసారి అరవై అడుగుల చేపలని వర్ణించాడు. ఆ వెచ్చని నీళ్ళలో అంత పెద్ద సొర తిమింగల సొరే అయ్యుంటుందని తర్వాతి శాస్త్రజ్ఞుల నిర్ణయం. చదువుకున్నవాడు రాసినా గుర్తు పొరపడితే పేరు పొరపడుతుంది.

సముద్ర భూతం గుట్టు

1977 ఏప్రిల్ 25న న్యూజిలాండ్ తీరానికి దూరంగా జపాన్ నౌక జుయియో మారు వలలో పది మీటర్ల కళేబరం ఒకటి పడింది. చిన్న తల, పొడవాటి మెడ, నాలుగు తెడ్లలాంటి రెక్కలు. డైనోసార్ల కాలపు ప్లీసియోసార్ ఇంకా బతికే ఉందని లోకం గగ్గోలు పెట్టింది. కుళ్ళు వాసన భరించలేక నౌకవాళ్ళు దాన్ని సముద్రంలోనే వదిలేశారు. అయితే అంతకు ముందే ఫోటోలు తీసి, రెక్కల పీచు కొంత కోసి ఉంచారు. ఆ పీచును పరీక్షిస్తే అందులోని ప్రోటీను బాస్కింగ్ షార్కు ప్రోటీనుకు సరిపోయింది.

కారణం తేలికే. బాస్కింగ్ షార్క్ చనిపోయి కుళ్ళితే మొదట ఊడిపడేవి దవడలు, మొప్పల కమానులు. అవి రాలిపోయాక చిన్న పుర్రె, పొడవాటి వెన్నుపూస మిగిలి మెడలా కనిపిస్తాయి. 1808లో స్కాట్లండ్ ఉత్తరాన స్ట్రాన్సే దీవికి కొట్టుకొచ్చిన భూతం కథ కూడా ఇదే. దాని వెన్నుపూసలు చూసిన లండన్ వైద్యుడు ఎవరార్డ్ హోమ్ అది బాస్కింగ్ షార్కేనని తేల్చాడు.

యాభై ఏళ్ళ కిందటి కొత్త చుట్టం

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడేళ్ళకు గాని మెగామౌత్ ఉందని మనకు తెలియలేదు. 1976 నవంబరు 15న హవాయీలోని ఓహూ దీవి దగ్గర అమెరికా నౌకాదళ పరిశోధన ఓడ ఒకటి నీళ్ళలోకి దింపిన పారాచూట్ లంగరును పైకి లాగింది. దానికి చిక్కుకుని 4.46 మీటర్ల పొడవు, సుమారు 750 కిలోల బరువున్న చేప పైకి వచ్చింది. అలాంటిది ఎవరూ ఎన్నడూ చూడలేదు. పాత పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఏడేళ్ళు పరిశీలించి 1983లో టేలర్, కంపాన్యో, స్ట్రూసేకర్ అనే ముగ్గురు దానికి మెగాకాస్మా పెలాజియోస్ అని పేరు పెట్టారు. ఇంత పెద్ద ప్రాణి ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతిక దాకా మన కంట పడకుండా ఉండగలిగిందంటే సముద్రం ఎంత లోతైన పుస్తకమో ఊహించవచ్చు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రపంచమంతా కలిపి నమోదైన మెగామౌత్‌లు మూడు వందలకు అటూ ఇటూ మాత్రమే.

దాని పెదవి పట్టీ చీకట్లో వెలిగి ఎరను పిలుస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2020లో జరిగిన పరిశోధన ఆ పట్టీకి సొంత వెలుగు లేదని, పడిన వెలుగును తిప్పికొడుతుందని తేల్చింది.

ఒంటి మీద నక్షత్ర పటం

మనిషికి వేలిముద్ర ఎలాగో తిమింగల సొరకు చుక్కలు అలాగ. ఏ రెండు చేపల చుక్కలూ ఒకలా ఉండవు. పెరిగినా మారవు. మరి వేల ఫోటోల్లో ఒక చేపను పట్టుకోవడం ఎలా? జవాబు ఆకాశం నుంచి వచ్చింది. హబుల్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో నక్షత్రాల గుంపులను పోల్చడానికి వాడిన లెక్కల పద్ధతినే చేప చుక్కలకు వర్తింపజేశారు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జావెన్ అర్జుమానియన్, ప్రోగ్రామర్ జేసన్ హోల్మ్‌బర్గ్, సముద్ర జీవశాస్త్రజ్ఞుడు బ్రాడ్ నార్మన్ కలిసి 2005లో ఈ పద్ధతిని ప్రచురించారు. మొప్పల వెనక, రొమ్ము రెక్క పైన ఉన్న ఎడమ పక్క చుక్కలను ఫోటో తీస్తే చాలు, అది ఏ చేపో కంప్యూటరు చెబుతుంది. సముద్రయానానికి నక్షత్రాలు చూసి దారి పట్టిన మనిషి, సముద్రంలో చేపను కూడా నక్షత్రాల లెక్కతోనే పోల్చుకుంటున్నాడు.

జల్లెడలో జల్లెడ

ఈ సొరలు తినే తీరు ఒకటి కాదు. బాస్కింగ్ షార్క్ నోరు తెరుచుకుని ఈదుతూనే ఉంటుంది. ఒక మీటరు వెడల్పున్న ఆ గుహలోంచి నీళ్ళు వాటంతటవే మొప్పల్లోకి పోతాయి. ఏడు మీటర్ల చేప గంటకు దాదాపు 880 ఘనపు మీటర్ల నీటిని వడకడుతుందని లెక్క. అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు 88.

తిమింగల సొర అలా ఈదుతూనూ తింటుంది, ఉన్నచోటే నిలబడి పంపులా నీళ్ళు పీల్చీ తింటుంది. దాని గొంతులో ఇరవై జల్లెడ దిండ్లు ఉంటాయి. వాటి రంధ్రాలు సగటున 1.2 మిల్లీమీటర్లు. అయినా అంతకన్నా చిన్న ప్రాణులనూ పట్టగలదు. నీరు జల్లెడకు అడ్డంగా పారుతూ ముద్దను గొంతులోకి తోస్తుందని, అందుకే జల్లెడ మూసుకుపోదని శాస్త్రజ్ఞులు చెబుతారు. దవడల్లో మూడు వేల దాకా పళ్ళున్నా అవి మరీ చిన్నవి, తిండికి వాటితో పని లేదు. మనిషి పక్కన ఈదినా దాని నోరు మనల్ని మింగేది కాదు.

లోతులో, దూరంలో

ఒక తిమింగల సొర 1,928 మీటర్ల లోతుకు దిగినట్టు దానికి తగిలించిన పరికరం నమోదు చేసింది. ఆన్ అని పేరు పెట్టిన మరో ఆడచేప పనామా తీరం నుంచి బయలుదేరి పసిఫిక్ సముద్రాన్ని దాటుకుంటూ మరియానా అగాధం వైపు సాగింది. 841 రోజుల్లో 20,142 కిలోమీటర్లు ఈదింది. 2018లో ఈ వివరాలు బయటికొచ్చాయి.

బాస్కింగ్ షార్కుల గుట్టు 2009లో తెలిసింది. చలికాలంలో అవి కనబడకుండా పోయేది నిద్రపోవడానికి కాదు. లోతైన చల్లని నీళ్ళలోంచి వెచ్చని ఉష్ణమండలాన్ని కిందుగా దాటి భూమధ్యరేఖకు దక్షిణంగా పోతున్నాయి. మెగామౌత్ మాత్రం రోజూ పైకీ కిందికీ తిరుగుతుంది. 1990లో కాలిఫోర్నియా దగ్గర ఒకదాన్ని యాభై గంటలు వెంబడించినప్పుడు పగలు 120 నుంచి 160 మీటర్ల లోతులో, రాత్రి 12 నుంచి 25 మీటర్ల లోతులో ఉంది. ప్లవకాలు రాత్రి పైకి వస్తాయి, పగలు కిందికి దిగుతాయి. కూడు ఎటు పోతే అటే దాని పయనం.

కంటికి పళ్ళ కవచం

సొరల చర్మం మీద ఉండే గరుకు పొలుసులు నిజానికి పళ్ళలాంటి నిర్మాణాలు. తిమింగల సొరకు అవి కంటిగుడ్డు మీద కూడా ఉన్నాయని జపాన్‌లోని ఒకినావా శాస్త్రజ్ఞులు 2020లో కనుగొన్నారు. రెప్పలు లేని ఆ కంటికి అదే కవచం. అది చాలకపోతే కన్నును లోపలికి లాక్కోగలదు కూడా.

ఒక కాన్పులో మూడు వందలు

1953లో మెక్సికో అఖాతంలో ముప్పై సెంటీమీటర్ల పొడవైన గుడ్డు ఒకటి దొరికింది. లోపల చుక్కలున్న పిల్ల ఉంది. దాంతో తిమింగల సొర గుడ్లు పెడుతుందని, జంతు ప్రపంచంలో అతి పెద్ద గుడ్డు దానిదేనని రాసుకున్నారు. నలభై రెండేళ్ళకు ఆ నమ్మకం మారింది. 1995లో తైవాన్‌లో పట్టుబడిన 10.6 మీటర్ల ఆడచేప కడుపులో దాదాపు మూడు వందల పిల్లలు కనిపించాయి. గుడ్లు కడుపులోనే పొదిగి పిల్లలుగా బయటికొస్తాయని అప్పుడు తెలిసింది. ఒక కాన్పులో ఇన్ని పిల్లలున్న సొర మరొకటి నమోదు కాలేదు.

పుట్టిన పిల్ల ఎంతుంటుంది? 2009 మార్చిలో ఫిలిప్పీన్స్‌లోని పిలార్ పట్టణం దగ్గర ఒడ్డున తాడుతో కట్టేసిన, మూరెడైనా లేని తిమింగల సొర పిల్ల ఒకటి దొరికింది. సంరక్షకులు దాన్ని లోతు నీళ్ళలో వదిలారు. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప చేతిలో పట్టేంతగా మొదలవుతుంది.

అణుబాంబులు చెప్పిన వయసు

1950లు, 60లలో జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలోనూ నీటిలోనూ రేడియో కార్బన్ పెరిగింది. ఆ జాడ తిమింగల సొర వెన్నుపూసల వలయాల్లోనూ నిలిచింది. చెట్టు మొద్దులో వలయాలు లెక్కపెట్టినట్టు వాటిని లెక్కపెట్టి, రేడియో కార్బన్‌తో సరిచూశారు. పాకిస్తాన్‌లో దొరికిన పది మీటర్ల చేప వయసు యాభై ఏళ్ళని 2020లో తేలింది. ఇలాంటి చేప ఒకటి చస్తే దాని చోటు నిండడానికి అర్ధ శతాబ్దం పడుతుంది.

అతి పెద్ద సర్వభక్షి

మాంసాహారి అనుకున్న తిమింగల సొర నాచునూ జీర్ణం చేసుకుంటుందని ఆస్ట్రేలియాలోని నింగలూ దగ్గర జరిపిన పరిశోధన 2022లో వెల్లడించింది. దాంతో మొక్కలనూ జంతువులనూ తినే ప్రాణుల్లో అతి పెద్దదిగా అది నిలిచింది. అంతకు ముందు ఆ గౌరవం అలాస్కాలోని కోడియాక్ ఎలుగుబంటిది.

కోట్ల ఏళ్ళ కిందటి రికార్డు

పెద్ద దేహం, చిన్న తిండి అనే ఏర్పాటు ఈ సొరలకు ముందే ఉంది. 16 కోట్ల ఏళ్ళ కిందటి జురాసిక్ సముద్రాల్లో లీడ్సిక్తిస్ అనే ఎముకల చేప ప్లవకాలు వడకట్టుకుని పదహారు మీటర్ల దాకా పెరిగి ఉంటుందని శిలాజాల అంచనా. ఎముకల చేపల్లో అంత పెద్దది మళ్ళీ రాలేదు.

సిగ్గుపడాల్సిన రికార్డులు

ఐర్లండ్‌లోని ఆచిల్ దీవిలో 1947 నుంచి 1975 దాకా 12,000కు పైగా బాస్కింగ్ షార్కులను కాలేయం నూనె కోసం చంపారు. కెనడా పశ్చిమ తీరంలో సాల్మన్ వలలు చింపుతున్నాయని ప్రభుత్వ పడవ ముక్కుకు పదునైన కత్తి బిగించి, 1955 నుంచి ఈ చేపలను నిలువునా చీల్చారు. ఒకప్పుడు గుంపులుగా కనిపించిన ఆ నీళ్ళలో ఇప్పుడు ఒకటి కనబడితే వార్త. ఐర్లండ్ తన చట్టంలో బాస్కింగ్ షార్క్‌కు రక్షణ ఇచ్చింది 2022లో.

మన దేశంలో గుజరాత్ తీరం అలాంటి చోటే. అక్కడ తిమింగల సొర కాలేయం నూనెను పడవలకు పూతగా వాడేవాళ్ళు. తర్వాత మాంసానికీ రెక్కలకూ విదేశాల్లో గిరాకీ వచ్చింది. కొక్కానికి పీపాలు కట్టి, చేప అలిసిపోయేదాకా తిప్పి చంపేవాళ్ళు. అందుకే జాలర్లు దాన్ని బారెల్ అనే పిలిచేవారు. మైక్ పాండే తీసిన షోర్స్ ఆఫ్ సైలెన్స్ అనే డాక్యుమెంటరీ ఆ నెత్తురు నీళ్ళను 2000లో లోకానికి చూపించింది.

బారెల్ పోయి వ్హాలీ వచ్చింది

2001 మే 28న భారత ప్రభుత్వం తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికీ ఏనుగుకూ ఉన్న రక్షణ మన దేశంలో ఒక చేపకు దక్కడం అదే మొదటిసారి. 2004లో వన్యప్రాణి సంరక్షణ సంస్థలు, అటవీ శాఖ కలిసి గుజరాత్ ఊళ్ళలో ప్రచారం మొదలుపెట్టాయి. రామకథ చెప్పే మొరారి బాపు ఆ చేపను పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో పోల్చి జాలర్లకు చెప్పారు. పేరు మారింది. బారెల్ కాస్తా వ్హాలీ అయింది, అంటే ప్రియమైనది. వలను కోసి చేపను వదిలిన జాలరికి ప్రభుత్వం వల ఖర్చు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అక్కడ ఇప్పటిదాకా వందల చేపలు వలల్లోంచి తిరిగి సముద్రంలోకి వెళ్ళాయి. ఒక జాతిని చట్టం కాపాడింది కొంత, పేరు కాపాడింది కొంత.

హైదరాబాదు నుంచి పాచి జాడ

సముద్రం లేని హైదరాబాదులో సముద్రపు తిండిని రోజూ చూసే కార్యాలయం ఉంది. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనేది. వృక్ష ప్లవకాల్లోని పచ్చదనం సముద్రం రంగును మారుస్తుంది. ఉపగ్రహాలు ఆ రంగునూ, నీటి వేడినీ కొలుస్తాయి. వాటిని బట్టి చేపలు చేరే చోట్లను ఇన్‌కాయిస్ జాలర్లకు తెలుపుతుంది. జాలరి వెళ్ళే చోటికే తిమింగల సొర కూడా వస్తుంది. ఎందుకంటే ఇద్దరికీ దారి చూపేది ఆ పాచే. వలల్లో అది పడడానికి ఒక కారణం ఇదే కావచ్చు.

తంతడి ఒడ్డున ఒక మంచి రోజు

2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గరి తంతడి తీరంలో తిమింగల సొర ఒకటి ఒడ్డుకు చేరి చిక్కుబడింది. బరువు రెండు టన్నులని వార్తలు వచ్చాయి. కబురు అందగానే అటవీ శాఖ కదిలింది. అప్పటి డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్ అనంత్ శంకర్ సూచనలతో అటవీ సిబ్బంది, జాలర్లు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి దాన్ని మళ్ళీ లోతు నీళ్ళలోకి తోశారు. అది ఈదుకుంటూ వెళ్ళిపోయింది. దాని ఫోటోలను గుర్తింపు కోసం మాల్దీవుల్లోని తిమింగల సొరల పరిశోధకులకు పంపారు. ఒంటి చుక్కల లెక్క అక్కడ పనికొస్తుందన్నమాట. తంతడి ఒడ్డున చేతులు తడుపుకున్నవాళ్ళందరూ మన తీరానికి గౌరవం తెచ్చినవాళ్ళు.

గుర్తుంచుకోవలసినది

సాల్ట్ లేక్ బజారులో బొచ్చె కొనే బెంగాలీ గృహిణికీ, భీమిలిలో వల లాగే జాలరికీ, చెరువు గట్టున మేత చల్లే కొల్లేటి రైతుకూ కూడు పెడుతున్నది నీటిలో తేలే కంటికానని ప్రాణులే. వాటి మీద బతికే ప్రాణుల్లోకెల్లా పెద్ద చేప మన బంగాళాఖాతంలో ఉంది. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం 2016 నుంచి దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కిస్తోంది.

మీరు తీరాన ఉండి చుక్కల మహా సొర వలలో పడిందని వింటే నాలుగు పనులు చేయండి. తోక పట్టి, మొప్పల్లో తాడు వేసి ఈడ్వవద్దు. వల కోసి వదిలే జాలరికి అండగా నిలబడండి. ఎడమ పక్క, మొప్పల వెనక చుక్కలు కనబడేలా ఒక ఫోటో తీయండి. అటవీ శాఖకు కబురు పెట్టండి. ఏటా ఆగస్టు 30 అంతర్జాతీయ తిమింగల సొర దినం. ఆ రోజున మీ పిల్లలకు ఈ మూడు సొరల గుర్తులు నేర్పండి. చుక్కలు చూసి పోల్చుకోగలిగినవాళ్ళ చేతులు దాన్ని చంపవు.